తలకట్టు

పొద్దున్నే ఫోనులో వార్త.
లోతార్ గ్రీబెల్ పోయాడట, తొంభై ఒకటో ఏట,
జర్మనీలో ఏదో నది ఒడ్డు ఊళ్ళో.
ఆయన గీసిన అక్షరాల్లోనే అచ్చయింది
ఆయన చావు కబురు.

అల్లిపురంలో నా జిరాక్స్ షాపు షట్టరు సగమే ఎత్తి
నిలబడి చదివాను మొత్తం.
నలభై రెండు టైపులు, ఏడు పతకాలు,
రైల్వే బోర్డులు, మందు సీసాలు, పిల్లల వాచకాలు,
ఒక తపాలా బిళ్ళ.
ఆయన పేరు తెలియని వాళ్ళు కూడా
రోజుకి వందసార్లు ఆయన్ని చదివేవారట.
అంత పెద్ద వ్యాసంలో
కోట వీధి లేదు.

కోట వీధిలో మా నాన్న అసిరయ్య కంపోజిటరు.
శుభలేఖలు, సినిమా కరపత్రాలు,
చేపల వేలం రసీదులు.
సీసం అక్షరాల్ని తిరగేసి చదివీ చదివీ
బస్సు మీద బోర్డు చదవాలంటే తడుముకునేవాడు.

డెబ్బై ఆరు ఎండాకాలం. నాకు తొమ్మిదేళ్ళు.
ఓడ దిగి, ఎవరో చెబితే,
గుమ్మంలో తల తగలకుండా వంగి వచ్చాడు గ్రీబెల్.
మోకాళ్ళ దాకా లాగు, జేబులో ఆరు పెన్సిళ్ళు.
నాలుగు రోజులు కేసు పక్కనే స్టూలు వేసుక్కూచున్నాడు.
ఒకరి భాష ఒకరికి రాదు.
ఓడల ఏజెంటు గుమాస్తా సాయంత్రాలొచ్చి
ఇంత ఇంగ్లీషు అటూ, ఇంత తెలుగు ఇటూ పోసేవాడు.

‘క’ మీద వేలు పెట్టి అడిగాడు:
ఈ టిక్కేమిటి? పలుకుతుందా?
నాన్న నవ్వాడు.
“అది తలకట్టు బాబూ. పలుకుతాది, సిన్నగా.
గుణింతమేదైనా వచ్చి కూకుంటే
తనే లేచి సోటిస్తాది.
మీ అక్షరాలు కాళ్ళకి జోళ్ళేసుకుంటాయి కదా,
మావి తలకి పాగా సుట్టుకుంటాయి.”

ఆ రాత్రి స్టిక్కులో ఆయన పేరు కూర్చి
ప్రూఫు తీసిచ్చాడు.
లో తా ర్ గ్రీ బె ల్.
చూసుకుని, ఉలిక్కిపడి,
“ఒక్క తలకట్టూ పడనేదు బాబూ! పేరంతా బోడే!”
గుమాస్తా అది ఇంగ్లీషులో పెట్టగానే
గ్రీబెల్ పగలబడి నవ్వాడు,
నున్నటి గుండు తడుముకుంటూ.

రెండేళ్ళకి ఓడలో చెక్కపెట్టె వచ్చింది.
ఆయన గీసిన తెలుగు, తళతళలాడే సీసం.
ఎంత అందం! ‘జ’ కడుపులో గాలాడుతోంది.
కానీ ‘శ్రీ’లు రెండే.
ప్రతి శుభలేఖ నెత్తినా శ్రీ కావాలి,
మామగారికో శ్రీ, అత్తగారికో శ్రీ.
‘ఱ’లు మాత్రం దోసెడు.
ఏ అక్షరానికి ఎంత ఆకలో ఆయనకెవరు చెప్పారు?
నాన్న ఉత్తరం రాయించాడు. జవాబు లేదు.
అప్పటికే ఆయన మీద పతకాలు కురుస్తున్నాయని
ఇవాళ తెలిసింది.
పెట్టె అటకెక్కింది. ఆఫ్‌సెట్ వచ్చాక
మిగతా సీసంతోపాటు తూకానికి పోయింది.
జాలరిపేటలో కరిగి, వలలకి గుళ్ళయి,
సముద్రంలో ఉంటాయిప్పుడు ఆ అక్షరాలు.

నాన్నకి కోపం లేదు. ఆదివారాలు
నన్ను పోర్టు గోడ దగ్గరికి తీసుకెళ్ళి
ఓడల ఒంటి మీద పేర్లు చూపించేవాడు.
“ఆ ‘ఆర్’ కాలు సూడే, తన్నినట్టు. మన గుండాయనదే.”
నిజమో కాదో.
తాడుకి వేలాడుతూ రంగేసే ఏ కూలీ చేతిదో.

వ్యాసం అడుగున ఆయన సంతకం వేశారు.
పేరు మీద, కుడివైపు, గాలికి లేచినట్టు
చిన్న టిక్కు.
డెబ్బై ఆరు నుంచీ ప్రతి బొమ్మ మీదా ఉందట.
పక్షి అన్నాడొక పండితుడు. అల అన్నాడింకొకడు.
ఒకమ్మాయి దాని మీదే డాక్టరేటు చేసింది.

షట్టరు మిగతా సగం ఎత్తాను.
“మేడం, ఆధారు, రెండువైపులా, రెండు కాపీలు.”
ఇస్తున్నా బాబూ.
మొదటిది వంకర వచ్చింది.
దాని వెనక, పెన్నుతో, ఆ టిక్కొక్కటే
వేసి చూశాను,
కింద ఏ అక్షరమూ లేకుండా.